విమల గారితో ఎక్కిన కోటలు

మొన్న వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఇక్కడే, న్యూజిలాండ్‌లోని సౌత్ ఐలాండ్ వెళ్ళాం. సెంట్రల్ ఒటాగోలో ఒక రాతి గుట్ట ఎక్కుతుంటే కాలి కింద ఏదో నలిగి, గుప్పున వాసన వచ్చింది. అరచేతిలో వాము నలిపినట్టు ఘాటుగా ఉంది. చూస్తే థైమ్ మొక్కలు. ఎవరూ నాటకుండానే కొండంతా పాకి ఉన్నాయి. నేను అక్కడే ఆగిపోయాను. మా అమ్మాయి వెనక్కి తిరిగి, "అమ్మా, వై ఆర్ యూ స్మైలింగ్?" అని అడిగింది. అప్పటికే నా కళ్ళ ముందు ఒటాగో లేదు. స్పెయిన్ ఉత్తరాన, పిరనీస్ పర్వతాల దిగువన, ఇదే వాసన వేసే ఒక కొండ అంచున విమల గారు నిలబడి ఉన్నారు. నడుము మీద చేతులు పెట్టుకుని, గాలికి జుట్టంతా రేగిపోతుంటే, "అమ్మాయ్, పైకి చూడు!" అని అరుస్తున్నారు.

విమల గారు నా మొదటి బాస్. 2000ల మొదట్లో నేను కడప నుంచి ఆక్లాండ్ వచ్చి, సిటీ సెంటర్‌లో ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో చేరాను. పాత ఇటుక కట్టడాలు భూకంపానికి తట్టుకుంటాయో లేదో చూసి, వాటిని బలపరచడం మా పని. ఆవిడది అమలాపురం. యాభై దాటిన పొట్టి మనిషి. నవ్వితే పక్క గదిలో ఫోన్ మాట్లాడేవాళ్ళు తలుపేసుకోవాల్సిందే. మొదటి రోజు నేను "మేడమ్" అంటే, "ఇక్కడ మేడమ్‌లు లేరమ్మా, అందరూ విమలా అనే పిలుస్తారు" అన్నారు. నాకు నోరు రాలేదు. ఏమని పిలవాలో తెలియక కొన్నాళ్ళు ఆవిడ బల్ల ముందుకెళ్ళి ఊరికే నిలబడేదాన్ని. చివరికి ఆవిడే విసుగెత్తి, "సరే, గారు తగిలించుకో తల్లీ, పని జరగాలి కదా" అన్నారు.

మీటింగుల్లోనూ నాది అదే వరస. చూసేదాన్ని, రాసుకునేదాన్ని, నోరు మాత్రం విప్పేదాన్ని కాదు. ఒకసారి రేవు దగ్గర ఒక పాత గోదాము చూసి, యజమానులతో మాట్లాడి బయటికి వచ్చాక, నడుస్తూ నడుస్తూ అన్నాను: "ఆ మూల దూలం కింద గోడ నలుగుతోందనిపించింది, విమల గారూ." ఆవిడ పేవ్‌మెంట్ మధ్యలో ఆగిపోయారు. "ఇది లోపల చెప్పాల్సింది కదా?" "అంతమంది ఉన్నారు. మీరున్నారు కదా అని..." ఆవిడ నా ముఖంలోకి చూసి, "నేను ఎల్లకాలం ఉండను, శైలజా" అన్నారు. కోపంగా కాదు. నాకు మాత్రం కోప్పడి ఉంటేనే బాగుండేదనిపించింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి, నన్ను పక్కన నిలబెట్టుకుని, "ఇది ఈ అమ్మాయి చూసింది" అని వాళ్ళకి చెప్పారు.

ఆ తర్వాత రెండేళ్ళకు స్పెయిన్‌లో పాత రాతి కట్టడాల మీద ఒక సదస్సు జరిగింది. విమల గారు ప్రసంగించాలి. తోడుగా నన్ను తీసుకెళ్ళారు. సదస్సు అయిపోయాక వారం రోజులు సెలవు పెట్టించారు. "అంత దూరం వెళ్ళి ఆ కోటలు చూడకుండా వస్తే నాకు అన్నం సహించదు" అన్నారు. చిన్నప్పటి నుంచి ఆవిడకి కోటల పిచ్చి అట. ఏడాదిగా కారులో సీడీలు పెట్టుకుని స్పానిష్ నేర్చుకున్నారు. ఆ భాష అక్కడి వాళ్ళకి ఎంత అర్థమైందో గానీ, వాళ్ళు నవ్వకుండా ఉండలేకపోయేవారు. అదే ఆవిడకి సగం పని చేసిపెట్టేది.

కారు నడిపేది నేను. అక్కడ రోడ్డుకి కుడి పక్కన నడపాలి. ఇండికేటర్ వేద్దామని చెయ్యి పెడితే వైపర్లు లేచేవి. మలుపు వచ్చినప్పుడల్లా మండుటెండలో వైపర్లు ఊగుతుంటే, విమల గారు చేగోడీలు నములుతూ, "వాన వెలిసిందమ్మా, ఇంక కట్టెయ్" అనేవారు. అలా నవ్వుకుంటూ ఒక మలుపు తిరిగేసరికి, ఎదురుగా కొండ మీద మొదటి కోట కనిపించింది. కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు. రాయే లేచి బురుజులైనట్టుంది. నేను బ్రేకు తొక్కేశాను. "అబ్బా! ఎంత ఎత్తుండాది చూడండి!" అన్నాను. విమల గారు పకపకా నవ్వారు. "ఇన్నాళ్ళూ ఈ కడప అమ్మాయిని ఎక్కడ దాచావ్?"

ఆ కోటలో మేము చేసిన అల్లరి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బురుజు లోపల మెలికలు తిరిగే ఇరుకు మెట్లున్నాయి. పైకి ఎక్కుతుంటే కుడి చేతికి గోడ అడ్డం వస్తుంది. పై నుంచి దిగేవాడి కుడి చేతికి మాత్రం బోలెడంత చోటు. "కత్తి పట్టుకుని వచ్చే శత్రువుకి ఇబ్బందిగా ఉండాలని ఇలా కట్టారంటారు. నిజమో కాదో చూద్దాం" అని విమల గారు గొడుగు తీశారు. నన్ను పైన నిలబెట్టి, నా చేతికి మడిచిన మ్యాప్ ఇచ్చారు. "నువ్వు రాజు మనిషివి. నేను కోట పట్టుకోవడానికి వస్తున్నా. కొట్టు!" బాస్‌ని ఎలా కొట్టడం? ఆవిడ గొడుగుతో నా మోకాలి మీద పొడిచారు. అప్పుడు కొట్టాను, గట్టిగానే. గొడుగు గోడకి తగిలి ఆవిడ చెయ్యి తిరగలేదు. "చచ్చాను! నిజమేనే!" అని మెట్ల మీదే చతికిలబడి ఆనందంతో కేకలు పెట్టారు. కింద నుంచి వస్తున్న ఒక జంట మమ్మల్ని చూసి, గబగబా వెనక్కి దిగిపోయారు. పైన గోడ అంచు నుంచి చూస్తే, రాబందులు మా పాదాల కన్నా కింద ఎగురుతున్నాయి. పక్షి వీపుని అలా పై నుంచి చూడటం నాకు అదే మొదటిసారి.

రోజుకో కోట చూశాం. ఏ గోడ దగ్గరికి వెళ్ళినా ఆవిడ ముందు అరచెయ్యి ఆనించేవారు. తర్వాతే కళ్ళజోడు పెట్టుకునేవారు. నాలుగో రోజు, టూరిస్టు పుస్తకాల్లో లేని ఒక చిన్న ఊరి కోటకి వెళ్ళాం. తాళంచెవి పిలార్ అనే ముసలావిడ దగ్గర ఉంది. ఆవిడ కూతురు స్కూల్లో ఇంగ్లిష్ చెబుతుంది. ఆ అమ్మాయే మాకు తోడుగా వచ్చింది. మర్నాడు ఊరి పండగ అట. ఏటా ఆ రోజు ఊరంతా డప్పులతో బురుజు పైకి ఎక్కి, అక్కడే పాటలు పాడి, రొట్టె పంచుకుంటారట. అప్పటికే పైన రంగు కాగితాలు కట్టేశారు.

పైకి ఎక్కుతుంటే చివరి గది కప్పులో నాకు ఒక పగులు కనిపించింది. ఆ కోటలన్నిటా పగుళ్ళు చూశాం. వాటి అంచులు నల్లబడి, లోపల నాచు పట్టి ఉండేది. దీని అంచులు మాత్రం తెల్లగా, రొట్టె విరిచినట్టు ఉన్నాయి. కింద మెట్టు మీద సున్నపు పొడి రాలి ఉంది. బయటికి వచ్చి చూస్తే, అదే వైపు గోడ పైభాగం కొద్దిగా బయటికి ఒరిగింది. విమల గారిని పక్కకి పిలిచి చూపించాను. ఆవిడ చెయ్యి ఆనించి, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూశారు. "ఊఁ. వెళ్ళి చెప్పు."

"మీరు చెబితే వింటారు."

"చూసింది నువ్వు. నువ్వు తడబడితే నేను పక్కనే ఉంటా. కానీ ముందు నువ్వు."

పిలార్ కూతురు ఊరి మేయర్‌ని పిలుచుకొచ్చింది. పెద్ద మీసాల మనిషి, చొక్కా మీద పండగ వంటల మరకలతో వచ్చాడు. నేను చెప్పాను, ఆ అమ్మాయి తిప్పి చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది. "మా తాతలు ఎక్కారు, వాళ్ళ తాతలు ఎక్కారు. రేపు పండగ పెట్టుకుని ఇవాళ వచ్చి వద్దంటారా? మీరెవరు?" నేను విమల గారి వైపు చూశాను. ఆవిడ నా వైపే చూస్తూ నిలబడ్డారు. ఇక ఎవరూ రారని నాకు అర్థమైంది. "గోడ పాతదే సార్. పగులు కొత్తది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా మాట నమ్మొద్దు. నాతో రండి, మీరే చూడండి."

ఆయన వచ్చాడు. పగులు అంచుని గోటితో గీకితే తెల్లటి పొడి ఆయన మీసం మీద రాలింది. పాత పగులు ఒకటి చూపించి, అక్కడా గీకమన్నాను. ఏమీ రాలలేదు. ఆయన రెండింటి మధ్యా ఒకటికి రెండుసార్లు తిరిగి, పైకి వెళ్ళి, తన చేతులతోనే రంగు కాగితాలు విప్పడం మొదలుపెట్టాడు. పిలార్ తలుపు తాళం వేసి, నా రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. బయటికి వచ్చాక విమల గారు నన్ను గట్టిగా వాటేసుకున్నారు. "నోరు మూసుకుని నిలబడటం నాకెంత కష్టమైందో తెలుసా?" అన్నారు.

మర్నాడు పండగ బురుజు కింద పచ్చికలో జరిగింది. కొందరు ముసలివాళ్ళు మా వైపు గుర్రుగా చూశారు. డప్పులు మొదలయ్యాక అదీ పోయింది. మేయర్ వచ్చి విమల గారిని నాట్యానికి పిలిచాడు. ఆవిడ చెప్పులు విడిచేసి, ఆయన్ని అలిసిపోయేదాకా తిప్పారు. తర్వాత నగరం నుంచి ఇంజనీర్లు వచ్చి బురుజు మూసేశారనీ, పై కప్పు రాయి రాయీ విప్పి మళ్ళీ కట్టారనీ పిలార్ కూతురు మెయిల్ చేసింది. ఆ రోజు జనం ఎక్కి ఉంటే పడిపోయేదా? నాకు తెలియదు. అదే విమల గారిని అడిగితే, "ఎప్పటికీ తెలియదు. పడలేదు కదా అని మన మెళ్ళో ఎవరూ దండ వెయ్యరు. ఉద్యోగం ఇదేనమ్మా" అన్నారు.

ఆ తర్వాత కూడా ఆవిడ కోటలు మానలేదు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక చూడటానికి వెళితే, మంచం మీద స్కాట్లాండ్ మ్యాప్ పరిచి ఉంది. "ఈసారి లిఫ్టు ఉన్న కోట వెతుకుతున్నా" అన్నారు. అక్కడికి వెళ్ళొచ్చారు కూడా. ఆ మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, కుర్చీలో కునుకు తీస్తూనే వెళ్ళిపోయారు.

ఇప్పుడు పాత కట్టడాల ముందు నిలబడి, ఎదుటివాళ్ళకి నచ్చని మాట చెప్పడం నా రోజువారీ పని. ఈ మధ్యే హాలు మూసెయ్యాలన్నందుకు దాని యజమాని బల్ల మీద చరిచి, ముందే బుక్ అయిన పెళ్ళిళ్ళు ఏం చెయ్యాలని నా మీద కేకలేశాడు. ఇన్నేళ్ళయినా అలాంటప్పుడు సాయానికి పక్కకి చూడబోతాను. పక్కన ఎవరూ ఉండరు. మళ్ళీ ముందుకి తిరిగి, నేను చూసింది చూసినట్టు చెప్పేస్తాను.