పసుపు పట్టిన బంతి

తిరుపతి బస్టాండు దగ్గర ఒక వీడియోగేముల అంగడి ఉండేది. అందులో ఒక మిషనుకు ఆట నడిపే కర్ర బదులు, బల్లలో సగం మునిగిన బంతి ఉండేది. అరచేత్తో దాన్ని దొర్లిస్తే తెరమీద ఓడ కదిలేది. మా అన్న దానిమీద చేయి పెడితే తీసేవాడు కాదు. నా వంతు ఎప్పుడని అడిగితే "ఉండప్పా, ఇదొక్క ఆట" అనేవాడు. అంగడి మూతపడింది. నా వంతు రాలేదు. నేనది మరిచిపోయానని అన్న అనుకుంటాడేమో.

పోయిన ఏడాది అన్నకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. అరచేయి మాత్రం కొంచెం జరపగలడు. కదిలిస్తూ ఉంటేనే చేయి తిరిగి వస్తుందని చిత్తూరు ఆస్పత్రిలో వ్యాయామం చేయించే ఆమె చెప్పింది. ఆమె ఇచ్చిన రబ్బరు బంతిని అన్న ముట్టుకోలేదు. అప్పుడు నాకు ఆ మిషను గుర్తొచ్చింది.

అట్లాంటిది ఇంట్లో చేయాలంటే కంప్యూటరు పాత మౌసు కావాలి, అడుగున బంతి ఉండే రకం. బంతి తిరిగితే లోపల రెండు సన్నని కడ్డీలు తిరుగుతాయి. ఒకటి పక్కలకు, ఒకటి పైకీ కిందికీ. కడ్డీ చివర చీలికల చక్రం, ఆ చీలికల గుండా చిన్న లైటు. చక్రం తిరిగేకొద్దీ లైటు మిణుకుతుంది, ఆ మిణుకుల లెక్కనే తెరమీద బొమ్మ జరుగుతుంది.

"బంతి మౌసా? యాడి నుంచి వచ్చినావన్నా నువ్వు?" అని చిత్తూరులో నవ్విన అంగడివాడి ముఖం నాకింకా గుర్తుంది. చివరికి మూసేసిన నెట్ సెంటరు సామాన్లలో ఒకే ఒక్కటి దొరికింది. దాన్ని తిరగేసి చెక్కపెట్టెలో బిగించి, పైన నున్నటి పెద్ద బంతి కూర్చోబెట్టి, ఇంట్లో కంప్యూటరుకు తగిలించి అట్లాంటి ఓడ ఆటే పెట్టాను.

"పైకి తోస్తే కిందికి పోతాండాదిరా. అచ్చం నీ మాదిరే," అన్నాడు అన్న. జబ్బు చేశాక నవ్వడం అదే మొదలు. తీగలు మార్చి సరిచేశాను. రోజూ ఆడాడు. చూపుడువేలు కూడా కదిలింది.

ఆయుధపూజనాడు నేను పనిమీద బంగారుపాళ్యం పోయాను. తిరిగొచ్చేసరికి స్కూటరుకు, మిక్సీకి పెట్టినట్టే ఆ బంతికీ తడి పసుపు, కుంకుమ.

"అన్నిటికీ పెట్టి దానికొక్కదానికి పెట్టకుంటే ఎట్లప్పా? మీ అన్న చేయి దాంతోనే కదా బాగవతా ఉండాది," అంది వదిన.

అన్న అప్పటికే దొర్లించాడు. పసుపు చక్రాల చీలికల్లోకి పోయి గట్టిపడింది. సూదితో గీకుతుంటే, పైకీ కిందికీ నడిపే చక్రం పాత ప్లాస్టిక్కు కావడంతో పుటుక్కున విరిగింది. ఇంకొకటి కోసం తిరగని అంగడి లేదు. కొత్తరకం మౌసు లైటును బంతి కింద పెట్టి చూశాను. ఆ నున్నటి బంతి మీద అది పనిచేయలేదు, ఓడ ఉన్నచోటే వణికింది.

పాతదే మళ్లీ బిగించాను. ఓడ తెర అడుగున అటూ ఇటూ మాత్రమే పోతుంది. అన్న కాసేపు చూసి, ఎడమచేత్తో కుడిచేయిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంక నువ్వాడుకోరా. నీ వంతు," అన్నాడు.

బాగున్న మిషను మీద ఎన్నడూ ఇవ్వని వంతు. పెట్టె ఇప్పుడు మంచం కింద ఉంది. చూపుడువేలు మళ్లీ కదలడం లేదు.