సత్యవేదం గారి ఆమెన్

మదనపల్లె సత్యవేదం గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరైనా నలుగురిలో నిలబడి తమకే నష్టం తెచ్చే నిజం చెబితే, ఆయన నోట్లోంచి "ఆమెన్" ఊడిపడేది. ప్రార్థన చివర అందరూ అనే మెత్తటి ఆమెన్ కాదది. ముప్పై ఏళ్లు మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరుగా పిల్లల్ని కవాతు చేయించిన గొంతు. ఒకసారి కుప్పం స్టేషన్లో టికెట్టు లేని పెద్దమనిషి ఒకాయన తప్పు ఒప్పుకుంటే ఈయన ఆమెన్ అన్నారు. గార్డు అది తన ఈలేననుకుని పచ్చజెండా ఊపేశాడు. బెంగుళూరు బండి సగం జనాన్ని ప్లాట్‌ఫారం మీదే వదిలేసి వెళ్లిపోయింది. నమ్మనివాళ్లు ఆ సగం జనాన్ని అడగవచ్చు.

మిషన్ గుడిలో మాత్రం ఆమెన్ అనడానికి ఆయన పిసినారి. పాదిరి ఐజాక్ అయ్యగారు గంటసేపు ప్రసంగం చేసినా పెదవి కదిపేవారు కాదు. ఒక ఆదివారం అయ్యగారు, "ఈ వారం నేనేమీ చదువుకొని రాలేదు" అన్నారు. అంతే, కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

ఈ జబ్బుతో ఎక్కడైనా బతకవచ్చు, రాజకీయాల్లో తప్ప. ఆయన ఉన్నదేమో రాజకీయాల్లోనే. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి. ఒకవైపు ఖద్దరు పార్టీ, ఇంకొకవైపు జరీ తలపాగాల పార్టీ. సత్యవేదం గారు ఖద్దరు. మాట దూరం వినిపించేందుకు పార్టీ వాడే రేకు గొట్టం ఆయన చేతిలోనే ఉండేది. దాన్ని భుజాన వేసుకుని సైకిలెక్కి ఊరూరా సభలు చాటేవారు. ఇంట్లో ఆ గొట్టాన్ని చింతపండుతో తోమి, దిండు పక్కన పెట్టుకునేవారు.

ఆయన వల్ల నలిగిపోయినవాడు రెడ్డెప్ప. ఖద్దరు పార్టీకి ఆ ప్రాంతపు నాయకుడు. ఒక రోజు పుంగనూరులో హోటల్లో కూర్చుని ఉప్మా తింటున్నాడు. పక్క వీధిలో తలపాగాల పార్టీ నాయకుడు గోవిందప్ప సభ. గోవిందప్ప చెబుతున్నాడు: "గంగవరానికి రోడ్డు వేయించినానని పోయినసారి చెప్పినాను. అది అబద్ధం. మైలురాళ్లు నాటించినాను. రోడ్డు లేదు."

"ఆమెన్."

అదీ ఖద్దరు పార్టీ గొట్టంలోంచి. సంతలో మూడు పొట్టి ఆవులు తలుగు తాళ్లు తెంపుకున్నాయి. రెడ్డెప్ప చేతిలోని ఉప్మా ఒళ్లో పడింది.

"ఎవురి పార్టీ అప్పా నువ్వు?" అని పట్టుకున్నాడు రెడ్డెప్ప.

"నీ పార్టీనే అన్నా."

"మరి వాడికి యాల ఆమెన్?"

"వాడు నిజం చెప్పినాడు కదా. నువ్వూ చెప్పు, నీకూ అంటాను."

రెడ్డెప్ప రాత్రంతా ఆలోచించి ఒక పథకం వేశాడు. కుప్పంలో గోవిందప్ప సభకు సత్యవేదాన్నే పంపాలి. గోవిందప్ప నోరు తెరవగానే "అబద్ధం, అబద్ధం" అని అరిచి సభ చెడగొట్టాలి. చేయకపోతే గొట్టం వెనక్కి ఇచ్చేయాలి. గొట్టం మాట వినగానే సత్యవేదం గారి ముఖం వాడిపోయింది. గొట్టం భుజాన వేసుకుని కుప్పం వెళ్లారు.

పుంగనూరు ఆమెన్ రుచి మరిగాడేమో, అక్కడ గోవిందప్ప ఇంకా ముందుకు పోయాడు. "కరువులో గంజి కేంద్రం పెట్టింది నేను గాదు. ఖద్దరోళ్లు. నేను ఆ నెల ఊటీలో ఉండాను." జనం బిగుసుకుపోయారు. ఒకరిద్దరు రాళ్ల కోసం వంగారు. సత్యవేదం గారు గొట్టం ఎత్తారు, అందరూ అటు చూశారు.

"ఆమెన్."

ఎవరో ఫక్కున నవ్వారు. వంగినవాళ్లు చెప్పులు సర్దుకుంటున్నట్టు నటించి లేచారు.

మర్నాడు రెడ్డెప్ప గొట్టం కోసం ఇంటికే వచ్చాడు. సత్యవేదం గారు దాన్ని తుడిచి మరీ చేతికిచ్చారు.

"తీసుకోన్నా. గొట్టం పార్టీది. నోరు నాది. అది మాత్రం ఇయ్యను." అని పెరట్లోకి వెళ్లిపోయారు.

ఆయన భార్య జయశీలమ్మ కాఫీ తెచ్చింది. "ఆయనకు ఈ పిచ్చి యాడ పట్టిందో తెలుసా అన్నా?" అని తనే చెప్పింది. పెళ్లికి ముందు మాట. కోత పండుగకు దేవుడికి తెచ్చి, గుడి ముందర వేలం వేయాల్సిన కోడిపుంజును సత్యవేదం వండుకు తినేశాడు. ఊరంతా పుంజును వెతికింది. ఆదివారం లేచి అందరిముందూ ఒప్పుకున్నాడు. ఒక్కరూ మాట్లాడలేదు. దగ్గినవాడు కూడా లేడు. అప్పుడు వెనకనుంచి ముసలి యేసమ్మ ఒక్కతే "ఆమెన్" అంది. ఆ పుంజు ఆమెదే.

"నిజం చెప్పినోడు ఆ గడియలో ఒంటరిగాడంట అన్నా. పార్టీ ఏదయితేనేమి, ఒకరన్నా తోడుండాల అంటాడు."

రెడ్డెప్ప గొట్టం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

ఆఖరి సభ మదనపల్లెలో. వేదిక మీద రెడ్డెప్ప, చేతిలో గొట్టం. "మేం గెలిస్తే ఊరూరికీ బావి తవ్విస్తామని చెప్పినాను," అన్నాడు. "ఎన్ని ఊర్లుండాయో కూడా నాకు తెలీదు."

రెడ్డెప్ప కళ్లు చివరి వరసలోకి వెళ్లాయి. సత్యవేదం గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇంకా ఉండాది," అన్నారు. "చెప్పన్నా."

రెడ్డెప్ప గొట్టం మళ్లీ ఎత్తాడు. "కుప్పంలో సభ చెడగొట్టమని మనిషిని పంపింది నేనే. ఆ మనిషి చెడగొట్టలేదని గొట్టం గుంజుకున్నాను."

ఎవరూ దగ్గలేదు. ఆ క్షణంలో రెడ్డెప్పకు ఓట్లు వద్దు, గెలుపు వద్దు, ఒక్క మాట చాలు.

అది వచ్చింది. గొట్టం లేకుండానే వచ్చింది. దాని వెనకే, ఒక జరీ తలపాగా కిందనుంచి ఇంకొక చిన్న ఆమెన్ కూడా.

ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారో ఇప్పుడు ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. అంత దూరాన కుప్పంలో మాత్రం, ఆ ఆఖరి సభ సాయంత్రం, బెంగుళూరు బండి మళ్లీ వేళకు ముందే కదిలిపోయింది.