మూడు నొక్కులు, ఒక మూత

చక్రాన్ని ఎవరు కనిపెట్టారో చరిత్రకు తెలియదు. దాన్ని ఆపడం ఎలాగో మాత్రం మా వీధి మలుపులో సైకిల్ రిపేరు కొట్టు నడిపే పెద్దమనిషే మొదట గ్రహించాడని అతని దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే సైకిల్ తిరిగి ఇవ్వడు.

ఏ సైకిల్ కంటబడ్డా దాని బ్రేకులు మూడుసార్లు నొక్కడం అతని అలవాటు. మొదటి నొక్కు తీగ చప్పుడు వినడానికి. రెండోది పట్టు చూడటానికి. మూడోది ఎందుకో అతనికీ తెలియదు గానీ, లోకంలో జరిగిన ఘోరాలన్నీ ఎవడో ఒకడు మూడోది మానేయడం వల్లే జరిగాయని అతని సిద్ధాంతం. బ్యాంకు ముందు ఆపిన పరాయివాళ్ల సైకిళ్లను కూడా వదిలేవాడు కాదు. ఒకసారి ఒక సైకిల్ తాలూకు మనిషి బయటికొచ్చి, దొంగనుకుని, గొడుగు విరిగేదాకా బాదాడు. ఇతను దెబ్బలు తింటూనే మూడో నొక్కు పూర్తిచేసి, "వెనకది కొంచెం వదులుగా ఉందండీ" అన్నాడు. అప్పటినుంచి మూడునొక్కులాయన అన్న పేరు అతనికి స్థిరపడిపోయింది.

ఇరవయ్యారేళ్లలో అతని చేతిమీదుగా వెళ్లిన బ్రేకు ఒక్కటి కూడా జారలేదు. ఆయన సంపాదన ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పుకోదగ్గది ఇదొక్కటే.

ఏడాదికోసారి అతని కొట్టు ఖాతాదారులు కొందరు శని, ఆదివారాలు చూసుకుని కొండలమీద సైకిళ్లు తొక్కడానికి వెళ్తారు. తొక్కడం అన్నది ఇంట్లో చెప్పే మాట. కొండకింద ఒక రైతు తన కొట్టంలో సొంతంగా బీరు తయారుచేస్తాడన్నది అసలు మాట. ఆ ఏడాది వెళ్లింది ఆరుగురు: మూడునొక్కులాయన, పళ్ల డాక్టరు, మాంసం కొట్టాయన, రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తాలు ఇద్దరు, మూడునొక్కులాయన బావమరిది. ఈ చివరివాడు జిమ్‌లో కుర్రాళ్లకు కండలు పెంచడం నేర్పుతాడు. అతని మెడ ఎక్కడ ఆగి తల ఎక్కడ మొదలవుతుందో తేల్చడం కష్టం. కోపం మాత్రం నేరుగా పిడికిట్లోనే మొదలవుతుంది.

బయల్దేరేటప్పుడు మూడునొక్కులాయన భార్య గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పింది. "వాడు నాకున్న ఒక్కగానొక్క తమ్ముడు. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తీసుకురండి. వాడి ఒంటిమీద ఒక్క గీత పడినా, మీరూ అక్కడే ఉండిపోండి."

గీత పడటానికి ఇరవై నాలుగ్గంటలు పట్టింది.

శనివారం మధ్యాహ్నం మొదటి కొండ దిగి అందరూ రైతు పెరట్లో బల్లల మీద కూలబడ్డారు. బీరు సీసాలు వచ్చాయి. మొత్తం బృందానికి ఉన్న ఓపెనర్ ఒక్కటే, అదీ మూడునొక్కులాయన తాళాల గుత్తికి వేలాడుతోంది. ఆయన పద్ధతి ఆయనది. ముందుగా ఒక్కో మనిషి సైకిల్ బ్రేకు మూడుసార్లు నొక్కుతాడు, ఆ తర్వాతే ఆ మనిషి సీసా మూత తీస్తాడు. బావమరిది వంతు అయిదోది.

"బావా, నాలుక పిడచకట్టుకుపోతోంది. ముందు మూత తీసి తర్వాత నొక్కుకో."

"వరస తప్పదురా."

"ఊరందరి బ్రేకులూ నొక్కుతావు. మా అక్క మాట్లాడేటప్పుడు ఏదీ, ఒక్కసారైనా నొక్కగలిగావా?"

గుమస్తాలు నవ్వారు. మాంసం కొట్టాయన తొడ చరుచుకుని మరీ నవ్వాడు. మూడునొక్కులాయన తల ఎత్తకుండా, "మీ ఇంట్లో ఎవరికీ బ్రేకులు పెట్టలేదురా. అందరికీ గంటలే పెట్టి వదిలారు" అన్నాడు.

అక్కను తను అనొచ్చు గానీ ఇంకొకడు అనకూడదన్నది బావమరిది నియమం. పిడికిలి వచ్చి బావ ముక్కుమీద పడింది. ముక్కు చిట్లి రక్తం డాక్టరుగారి బీరులో బొట్లుబొట్లుగా రాలింది. మూడునొక్కులాయన చేతికందిన గాలి పంపు తీసి బావమరిది చెవి కింద ఒక్కటిచ్చాడు. ఇద్దరూ కలిసి బల్లమీద, బల్లతో సహా గుమస్తాల మీద పడ్డారు. ఒకరి మోకాలు ఒకరి కడుపులో, ఒకరి బొటనవేలు ఒకరి కంట్లో. విడదీయబోయిన డాక్టరుగారి కళ్లజోడు విరిగింది. మాంసం కొట్టాయన మాత్రం కదల్లేదు. వృత్తి తెలిసినవాడు కాబట్టి, "ఎముక మీద కొడితే మన చెయ్యే పోతుందయ్యా, ఎముక పక్కన కొట్టాలి" అని సలహా ఇస్తూ తన బీరు తాను తాగాడు.

చివరికి రైతు వచ్చి ఇద్దరి మీదా బకెట్టు నీళ్లు కొట్టాడు. తడిసి, రొప్పుతూ, ఇద్దరూ ప్రతిజ్ఞలకు దిగారు.

"నీ సైకిల్ ముట్టుకుంటే నేను మెకానిక్‌నే కాదురా."

"నీ ఓపెనర్ ముట్టుకుంటే నేను మా నాన్న కొడుకునే కాదు. నాకు పళ్లున్నాయి."

"అందరూ అలాగే అంటారు," అన్నారు డాక్టరుగారు, గడ్డిలో కళ్లజోడు ముక్కలు వెతుక్కుంటూ.

ఆదివారం తెల్లవారుతూనే మూడునొక్కులాయన లేచాడు. ముక్కు వంకాయంత అయింది. కొట్టంలో ఆరు సైకిళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. అయిదింటిని నొక్కాడు. ఆరోదాని ముందు కాసేపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మెకానిక్‌నే కాదని అన్నాక ముట్టుకోకూడదు. ముట్టుకోకపోతే మెకానిక్కే కాదు. చటుక్కున కూర్చుని, దొంగలా అటూ ఇటూ చూసి, మూడుసార్లు నొక్కాడు. పట్టింది. ఎవరూ చూడలేదనుకున్నాడు.

చెయ్యి కడుక్కోవడానికి బయటికొచ్చిన మాంసం కొట్టాయన చూశాడు.

రెండో కొండ ఏటవాలు ఎక్కువ. బావమరిది చొక్కా వెనకజేబులో సీసా పెట్టుకుని అందరికంటే ముందు దిగాడు. మలుపు దగ్గర మాయమయ్యాడు. తర్వాత కర్ర విరిగిన చప్పుడు, రాయిమీద తోలుసంచి విసిరినట్టు ఇంకో చప్పుడు.

వీళ్లు చేరేసరికి సైకిల్ కంచె ఇవతల ఉంది, మనిషి అవతల ఉన్నాడు. కంచె గుంజ రెండుగా విరిగింది. ముళ్లతీగ భుజం నుంచి నడుందాకా చొక్కానీ చర్మాన్నీ కలిపి చీరేసింది. భుజం ఎముక ఉండాల్సిన చోట లేదు. నోటినిండా రక్తం. ఊపిరి ఉంది, తెలివి లేదు. గీత అని దీన్ని అనొచ్చో లేదో మూడునొక్కులాయనకు అర్థం కాలేదు.

గుమస్తా ఒకడు అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా మాంసం కొట్టాయన వచ్చి మూడునొక్కులాయన కాలరు పట్టుకున్నాడు.

"పొద్దున్నే దాని పక్కన కూర్చున్నావు. నేను చూశాను. ఏం చేశావు?"

"నొక్కాను."

"ముట్టుకోనని ఒట్టుపెట్టి?"

ముట్టుకోలేదంటే అబద్ధం. ముట్టుకున్నానంటే ఒట్టు తప్పినవాడు, నిన్న పంపుతో కొట్టినవాడు, ఇవాళ బ్రేకు దగ్గర దొంగచాటుగా కూర్చున్నవాడు. గుమస్తాలిద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు. మాంసం కొట్టాయన నిన్న తను చెప్పిన శాస్త్రాన్ని ఇవాళ ఆచరించి చూపించాడు. ఒక్క దెబ్బ కూడా ఎముక మీద పడలేదు. మోకాళ్ల మీద కూలాక మాత్రం గుమస్తా బూటు తగిలి పక్కటెముక ఒకటి విరిగింది. గుమస్తాకు శాస్త్రం తెలియదు.

"మూడుసార్లూ పట్టింది," అంటూనే ఉన్నాడు మూడునొక్కులాయన.

అయితే నాలుగైదు దెబ్బల తర్వాత అతనికే అనుమానం మొదలైంది. ఆరో సైకిల్ కదా, దొంగచూపులు చూస్తూ నొక్కాడు కదా. మూడోది నొక్కాడా? ఇరవయ్యారేళ్లూ కళ్లముందే జారిపోతున్నట్టనిపించింది. వాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు పాక్కుంటూ సైకిల్ దాకా వెళ్లాడు. హ్యాండిల్ వంకర తిరిగి ఉంది. ముందుది నొక్కాడు, వెనకది నొక్కాడు. ఒకటి. రెండు. మూడు. పట్టింది.

"ఇప్పుడు పడితే ఏం లాభం," అన్నాడు మాంసం కొట్టాయన, ఇంకోటి తగిలిస్తూ.

అంబులెన్సులో ఇద్దర్నీ పక్కపక్కనే పడుకోబెట్టారు.

సాయంత్రానికి భార్య ఆసుపత్రికి వచ్చింది. ఒక మంచంమీద తమ్ముడు, దవడకు కట్టు, భుజానికి కట్టు, అరవై రెండు కుట్లు. పక్క మంచంమీద మొగుడు, కళ్లు వాచి సరిగ్గా తెరుచుకోవడం లేదు. అక్కడే ఉండిపొమ్మన్న ఆజ్ఞ అక్షరాలా అమలైంది. గోడవారగా నిలబడ్డ మాంసం కొట్టాయన గొంతు సవరించుకుని, బ్రేకు సంగతీ, పొద్దున తను చూసిన సంగతీ ఆమెకు విన్నవించాడు. ఆమె మొగుడివైపు తిరిగింది. చేతిసంచి పట్టీని చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ సమయంలో నర్సు ఒక బీరు సీసా తెచ్చింది. "ఇది పేషెంటు చేతిలో ఉందండీ. పిడికిలి విప్పడానికి ఇద్దరం పట్టాం."

కళ్లజోడు లేని డాక్టరుగారు సీసాను ముక్కుకు ఆనించుకుని చూశారు. సీసా పగల్లేదు. మూత ఊడలేదు. మూత అంచులో ఒక పంటి ముక్క ఇరుక్కుని ఉంది.

"పైవరస, ముందుపన్ను," అన్నారు ఆయన. "పళ్లతో మూత తియ్యాలంటే రెండు చేతులూ సీసామీదే ఉండాలి."

మాంసం కొట్టాయన తన చేతుల్ని జేబుల్లో పెట్టుకున్నాడు.

మూడునొక్కులాయన మోచేతిమీద లేచాడు. "ఒరేయ్, అదంతా నాకనవసరం. ఒక్కటి చెప్పు. నొక్కితే బ్రేకు పట్టిందా, లేదా?"

బావమరిది దవడ కదపలేడు. కాగితం ఇమ్మని సైగచేశాడు. అక్క పెన్ను అందించింది. ఎడంచేత్తో, పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు.

నొక్కలేదు.