దువ్వెనక్క, బావగారి కత్తెర

వీధిలో అందరూ ఆమెను దువ్వెనక్క అనేవారు. బ్యూటీపార్లర్లో పదేళ్లు ఆడవాళ్ల జుట్టు కత్తిరించింది. అది మూతపడ్డాక కుక్కలకూ పిల్లులకూ స్నానం చేయించడం, బొచ్చు దువ్వడం, గోళ్లు తీయడం నేర్చుకుని, సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేది. ఆ సంగతి విని ఆమె బావగారు మూతి విరిచాడు. ఆయన పేరున్న టైలరు. కుక్కలకు క్షవరం చేసే మరదలుందని నలుగురికీ ఎలా చెప్పుకోనన్నాడట. ఆ మాట చెవిన పడ్డాక మూడేళ్లు ఆమె ఆ గడప తొక్కలేదు. తుంటి ఎముక విరిగి అక్క ఆసుపత్రిలో పడ్డా, బావ లేని వేళ చూసుకుని వెళ్లొచ్చేది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం తనే ఫోన్ చేశాడు. రేపు మీ అక్క ఇంటికొస్తోంది, రెండు నెలలుగా దువ్వేవాళ్లు లేక బూజు బొచ్చంతా అట్టకట్టుకుపోయింది, ఒకసారి వచ్చి చూడమని చెప్పలేక చెప్పాడు. బూజు అంటే అక్క ప్రాణంగా పెంచుకుంటున్న బూడిదరంగు పిల్లి.

పిల్లులంటే ఆమెకు లోలోపల భయమే. పోయినేడు ఒకటి కొరికితే చీముపట్టిన ఉంగరంవేలు ఇప్పటికీ సరిగ్గా వంగదు. అయినా వెళ్లింది.

కిటికీలు మూసి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద తువ్వాలు పరిచి, కుట్టుమిషను కింద నక్కిన బూజును మెల్లగా తెచ్చి కూర్చోబెట్టింది. ట్రిమ్మర్ బ్లేడు వేడెక్కిందేమోనని తన మణికట్టుకు ఆనించి చూసుకుంటూ వీపు మీద మొదలుపెట్టింది. మొదటి అట్ట పాత దుప్పటి ముక్కలా ఊడొచ్చింది. చెయ్యి పొట్ట కిందికి పోగానే బూజు అరిచింది. అది కోపంతో అరిచిన అరుపు కాదు. వేళ్లకు తడి తగిలింది, ఆయింట్‌మెంటు వాసన వేసింది.

"కత్తెర ఎప్పుడు పెట్టారు బావగారూ?"

"మొన్న. నలభై ఏళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న చెయ్యి కదా... జుట్టే అనుకున్నాను."

అట్టను పట్టి లాగితే చర్మమూ దాంతోపాటే పైకి లేస్తుంది. ఏది జుట్టో ఏది చర్మమో కంటికి తెలియదు. అదంతా ఆయనకు చెప్పే ఓపిక ఆమెకు లేదు. కోపం చేతుల్లోకి దిగితే పిల్లికి తెలిసిపోతుంది. ట్రిమ్మర్ ఆపేసింది.

"దీనికి కుట్లు పడాలి. పశువుల డాక్టరు దగ్గరికి పదండి."

"వద్దు. ఎలాగోలా నువ్వే కానిచ్చెయ్. మీ అక్కకు తెలిస్తే నా మొహం చూడదు."

ఆమె పిల్లికి తువ్వాలు చుట్టబోయింది. బూజు గిర్రున తిరిగి ఆ వంగని వేలినే కొరికి పట్టేసింది. కళ్లముందు పోయినేటి ఆసుపత్రి మెదిలింది. వదిలితే అది బీరువా వెనక్కి దూరుతుంది, మళ్లీ దొరకదు. వదల్లేదు. "పట్టుకోండి. నొక్కొద్దు," అంది. ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆటోలో పిల్లిని పెట్టిన బుట్ట ఆయన ఒళ్లో ఉంది. పిల్లి నోరు తెరిచి రొప్పుతోంటే ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. గాయం అప్పటికే చెడుతోందట. డాక్టరు మత్తిచ్చి, ఒళ్లంతా గొరిగి, ఐదు కుట్లు వేశాడు. ఆమె పక్క వీధి ఆసుపత్రిలో వేలికి కట్టుకట్టించుకుని, సూది వేయించుకుని వచ్చేసరికీ బూజు కళ్లు తెరవలేదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. రెండు గంటలకు దాని తోక కదిలింది.

మర్నాడు అక్క చేతికర్ర మీద వచ్చి, బోడి పిల్లినీ కుట్లనూ చూసి, నేరుగా చెల్లెలి వైపు తిరిగింది.

"ఇదేనా నువ్వు నేర్చుకున్న పని?"

దువ్వెనక్క పెదవి విప్పలేదు. బావగారు నేల చూపులు చూశాడు.

"తను కాదు, నేను కోశాను," అన్నాడాయన చివరికి. "తను రాకపోతే ఇది చచ్చేది."

అక్క ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

బొచ్చు తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం దువ్వెనక్క వెళ్లి బావగారి చేత దువ్వెన పట్టించేది. చంకల్లో, చెవుల వెనక ముందు చూడమని గదమాయించేది. ఆయన కిమ్మనకుండా నేర్చుకున్నాడు. బూజు మాత్రం ఆయన ఒళ్లోకి ఇప్పటికీ రాదు. బిగుసుకుని నిలబడి దువ్వించుకుని, కాగానే మంచం కిందికి పోతుంది.