నేను వెళ్ళని క్లాసు

పొద్దున తొమ్మిదింటికి సుక్మా వైపు వెళ్ళే బస్సు కొంటాలో మా కిరాణా కొట్టు ముందే ఆగేది. చెల్లి అందులోనే కాలేజీకి వెళ్ళేది. చెల్లంటే పిన్ని కూతురు, పక్కిల్లే. ఇద్దరం ఒకే ఏడు పన్నెండో తరగతి పాసయ్యాం. అది రెగ్యులర్‌గా బీఏలో చేరింది. నాన్నకు మోకాళ్ళ నొప్పులు, కొట్లో నిలబడే మనిషి కావాలి. అందుకని నేను కాలేజీకి వెళ్ళకుండా పరీక్షలు మాత్రం రాసేలా ప్రైవేటుగా ఫారం నింపాను. పరీక్ష ఇద్దరికీ ఒకటే. క్లాసు మాత్రం దానిది.

బస్సు కదిలేటప్పుడు అది కిటికీలోంచి చెయ్యి ఊపేది. నేను పప్పు తూస్తున్నట్టు తల దించుకునేదాన్ని. సాయంత్రం వచ్చి క్లాసు కబుర్లు చెబుతుంటే, పట్టనట్టు కూర్చుని ఒక్క ముక్క పోకుండా వినేదాన్ని.

నాన్న ఒక మాటిచ్చాడు. "మొదటి ఏడు చెల్లికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకో. రెండో ఏడు నువ్వు గూడ కాలేజీకే పో. కొట్టు నేను చూసుకుంట."

అప్పట్నుంచి మధ్యాహ్నం కొట్టు మూసే రెండు గంటలూ లైబ్రరీలోనే. లైబ్రరీ అంటే ఒక గది, మూడు బీరువాలు. రాజనీతిశాస్త్రం పుస్తకం, మా వైపు కాలేజీ చదువులన్నిటిలాగే, హిందీలో ఉండేది, అట్ట ఊడిన లావుపాటిది. ముందుమాటతో సహా మూడుసార్లు చదివాను. తెలియని ప్రతి మాటా నిఘంటువులో వెతికి తెలుగులో రాసుకున్నాను. ఆ గర్వం నాకింకా పోలేదు.

"నువ్వు చదివేదేందే? బస్సెక్కుడు, హాజిరీ పలుకుడు, బస్సు దిగుడు," అన్నానొకసారి.

"హాజిరీ తక్కువైతే పరీక్షకు కూర్చోనియ్యరక్కా," అంది చెల్లి, మరమరాలు నములుతూ. "కావాలంటే నా నోట్సు తీస్కపో."

"నీ నోట్సు నాకెందుకు? నేను అసలు పుస్తకమే చదివిన."

"సరే తల్లీ, పండితురాలివి."

పరీక్ష హాల్లో రాజనీతి పేపరు తిప్పి చూశాను. మొదటి ప్రశ్న తెలియదు. రెండోదీ తెలియదు. అయిదింట్లో మూడు నేనెక్కడా చదవనివి. రెండు వరుసల అవతల చెల్లి తల ఎత్తకుండా రాస్తోంది. ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.

బయటికొచ్చాక అడిగితే, "ఈ ఏడు సిలబస్ మారింది గదక్కా. పాత పుస్తకాలు చదవొద్దని సార్ మొదటి రోజే చెప్పిండు," అంది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీకు తెలుసనుకున్న. నీకు అన్నీ తెలుసు గద."

అది ఎత్తిపొడవలేదు. నిజంగానే అలా అనుకుంది. నాకు మండింది అందుకే.

ఆ పేపరులో ఏదో గట్టెక్కాను. మొత్తం మార్కుల్లో చెల్లే ముందు. మిగతా పేపర్లలో నాకే ఎక్కువ వచ్చాయని నాన్నకు మార్కుల కాగితం చూపించాను. ఆయన మొత్తం మార్కుల దగ్గర వేలు పెట్టి, "మాట మాటే బిడ్డా," అన్నాడు.

వారం రోజులు చెల్లితో మాట్లాడలేదు. తర్వాత నేనే వెళ్ళి నోట్సు అడిగాను. అందులో సార్ అడిగిన ప్రశ్న, ఎవరో అమ్మాయి చెప్పిన తప్పు జవాబు, అదెందుకు తప్పో సార్ చెప్పింది, అన్నీ ఉన్నాయి. లైబ్రరీలో నాది తప్పని అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పటిదాకా చెల్లి మీదున్న కుళ్ళు, నలుగురిలో తప్పు చెప్పిన ఆ అమ్మాయి మీదికి కూడా పాకింది.

రెండో ఏడూ ప్రైవేటే. రోజూ సాయంత్రం, "ఇయ్యాల ఏం చెప్పిన్రు?" అని చెల్లిని పట్టుకునేదాన్ని. ఒకరోజు బస్సొచ్చినా అది మా కొట్టు అరుగు మీద నుంచి లేవలేదు. స్నేహితురాలి పెళ్ళికి గాజులు కొనాలట.

"ఎవర్నడిగి మానేస్తున్నవ్?" అన్నాను.

"నా క్లాసు, నా హాజిరీ. నీకేందక్కా?"

రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్సు ఆపాను. బ్యాగు దాని ఒళ్ళో పడేసి, రెక్క పట్టి ఎక్కించాను. కిటికీలోంచి తిట్టుకుంటూ పోయింది.

సాయంత్రం నా మొహం చూడకుండా నోట్సు కొట్టు బల్ల మీద విసిరేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఎవరో ఉప్పు అడుగుతున్నారు. ఆగమని, నిలబడే చదివాను.