కళ్లు మూసుకున్న డైనోసార్

ఈ బరువు ఏళ్ల తరబడి ఒక్కడినే మోస్తున్నాను. మా ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. నువ్వు నన్ను ఎరగవు, అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

కావలి దగ్గర హైవే పక్కన లారీలకు రంగులేస్తాను. దిష్టి తగలకుండా వెనక తలుపు మీద రాక్షసుడి ముఖం వేయడం మా అలవాటు. ఆ కనుగుడ్లలో ఎర్ర రేడియం ముక్కలు అంటిస్తాం. వెనక బండి లైటు పడితే కళ్లు భగ్గుమంటాయి, ఎవడైనా దూరంనుంచే బ్రేకు వేస్తాడు.

ఒక రొయ్యల లారీ ఓనరు కొత్త బండి తెచ్చాడు. వెంట ఆయన కూతురు, చేతిలో బొమ్మల పుస్తకం. అందులో లారీలన్నీ డైనోసార్లే. చివరి పేజీలో పచ్చ డైనోసార్ లారీ ఒకటి రోడ్డు పక్కన కళ్లు మూసుకుని నిద్రపోతోంది. రాక్షసుడు వద్దు, ఇదే కావాలంది ఆ పిల్ల. ముద్దొచ్చి వేశాను. మూసిన కళ్లకు రేడియం ఎలా పెట్టను? కింద ఎక్కడైనా పెట్టొచ్చు కదా అంటావా? పెట్టొచ్చు. బొమ్మ చెడిపోతుందనుకున్నాను. నా పనితనం మీద నాకంత మురిపెం.

ఆ చలికాలం, మంచు కమ్మిన తెల్లవారుజామున, అదే లారీ బ్యాటరీ పోయి మా షెడ్డు దగ్గర ఆగిపోయింది. ఒక్క లైటూ లేదు. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. చేపల బుట్టతో మోపెడ్ మీద వస్తున్న శీనయ్య వెనకనుంచి గుద్దుకున్నాడు. నేను పరిగెత్తుకెళ్లేసరికే ప్రాణం పోయింది.

డ్రైవరు అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పోలీసులు ఇంకా రాలేదు. నా పేరు బయటికొస్తుందని భయం పట్టుకుంది. రేడియం గుండ్రంగా కత్తిరించి, మూసిన రెప్పల మీద అంటించాను. నా చేతులు వణకలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

వచ్చినవాళ్లు ఆ ఎర్ర కళ్లు చూశారు. ఇంత మెరుస్తున్నా గుద్దాడంటే తాగి ఉంటాడన్నారు. ఊరంతా అదే మాట. తప్పు తన మీదికి వస్తుందని డ్రైవరు నోరెత్తలేదు. తర్వాత తండ్రి వెంట షెడ్డుకొచ్చిన ఓనరు కూతురు మాత్రం, ఇదెప్పుడు నిద్ర లేచిందని అడిగింది. రంగు డబ్బా మూత వెతుకుతున్నట్టు నటించాను.

కొన్నాళ్లకు శీనయ్య భార్య కోటమ్మ షెడ్డు ముందు గంప దించింది.

"మా ఆయన చుక్క ముట్టడు సాయిబన్నా. ఆ పొద్దు ముందు జూసినోడివి నువ్వే గదా. వాసనేమన్నా కొట్టిందా?"

"నేనంత దెగ్గరికి పోలా తల్లీ."

పోయాను. పక్కనే కూర్చుని తల నిమిరాను. చేపల వాసన తప్ప ఏ వాసనా లేదు.

కోటమ్మ ఇప్పటికీ ఈ దారినే చేపలమ్ముతుంది. ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు, రేపు వస్తుందని అబద్ధమాడను. నీతో అన్నందుకే గుండె మీది రాయి కాస్త జరిగింది. అంతకంటే ఎక్కువ నాకు దక్కకూడదు.

శీనయ్య తాగలేదు. ఆ పొద్దున లారీ కళ్లు మూసుకునే ఉంది.