కల్లుతో పొంగిన రొట్టె

“కొండమీద మరియతల్లి చూస్తా ఉంటే కొంపలోకి కల్లు తెస్తావటే?”

“తాగడానిక్కాదు అత్తయ్యా, పిండి పులవడానికి. మీ అబ్బాయి తాగొచ్చిన రోజున ఆ తల్లి కళ్లు మూసుకుందా?”

గోడ అవతల వింటున్న దేవసహాయానికి నవ్వాగలేదు. బి.ఎ. మధ్యలో మానేసి గుణదల వీధులు కొలుస్తున్న అతనికి, పక్కింటి మార్త వదిన నోరంటే మహా ఇష్టం. నాలుగేళ్లు కువైట్‌లో అరబ్బుల ఇంట వంట చేసి వచ్చిందామె. మళ్లీ పంపాలని అత్త శౌరమ్మ పట్టు. చచ్చినా పోనని, అక్కడ నేర్చిన రొట్టె కాల్చి హనుమాన్ జంక్షన్‌లో లారీవాళ్లకు అమ్ముకుని ఇక్కడే బతుకుతానని మార్త మొండితనం. అక్కడ పిండి పొంగడానికి కలిపే పొడి ఈ వీధి కొట్లలో దొరక్క, కల్లు పోసి చూస్తోంది.

దేవసహాయం వెళ్లేసరికి శౌరమ్మ మిగిలిన కల్లంతా మురిక్కాలవలో కుమ్మరించేసింది. మార్త ఏడవలేదు. పొద్దున్నే కల్లు పోసి కలిపి ఉంచితే అప్పటికి పులిసిన పిండిముద్దను గుండ్రంగా ఒత్తి, కాగిన పెనం మీద వేసింది. రొట్టె బంతిలా పొంగింది.

“జొరం లేనోళ్లు రొట్టెందుకు తింటారే?” అంది శౌరమ్మ.

మార్త రొట్టె సగం తుంచి దేవసహాయం చేతిలో పెట్టింది. కల్లు వాసనే లేదు. లోపల సంచీలా ఖాళీగా ఉంది.

“వదినా, ఇందులో కూర కూరి ఇస్తే లారీవాడు స్టీరింగ్ వదలకుండా తింటాడు!” అన్నాడు.

మార్త అత్తవైపే చూస్తూ అంది: “అయితే దేవా, రేపు పొద్దున కాలవగట్టు తాటిచెట్ల కాణ్ణించి ఇంకో ముంత కల్లు పట్రా. దొడ్డిదారిన కాదు, తువ్వాలు కప్పీ కాదు. మరియతల్లి గుడినించి జనం వచ్చే వేళకి వీధిగుమ్మంలోంచే తీసుకురా.”